ఆరు ఫిర్యాదులు వెనక్కి ఇప్పించమని

కుటుంబ వ్యవహారాల నమోదు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: విడిగా ఉంటున్న తల్లిదండ్రులు బిడ్డ పెంపకం గురించి కుదుర్చుకున్న ఏర్పాటును నమోదు చేయుట, తమరి కార్యాలయం మా చేత రాయించిన ఆరు ఫిర్యాదులను తిరిగి ఇప్పించుట.

నీటి సరఫరా పంపుహౌస్‌లో పద్నాలుగేళ్ళుగా ఆపరేటరుగా పనిచేస్తున్న నేను తమరికి మనవి చేసుకునేది:

1. నేనూ, ఆపరేషన్ వార్డులో నర్సుగా ఉన్న నా భార్యా ఎనిమిది నెలలుగా వేరువేరు ఇళ్ళలో ఉంటున్నాము. మాకు తొమ్మిదేళ్ళ కూతురు ఒక్కతే. ఇంట్లో పిచ్చుక అంటాము. ఎవరు ఎవరిని వదిలి వెళ్ళారన్నది ఈ అర్జీకి అవసరం లేదు.

2. ఇద్దరివీ షిఫ్టు ఉద్యోగాలే. పంపుహౌస్‌లో డ్యూటీ దిగే మనిషి మోటారు వేడి ఎంత, ప్రెషరు ఎంత, ఎక్కడ కారుతోంది అన్నీ పుస్తకంలో రాసి, ఎక్కే మనిషి సంతకం పెట్టేదాకా కుర్చీ వదలకూడదు. ఆమె వార్డులోనూ ఇదే పద్ధతి. అందుచేత బిడ్డకూ ఒక డ్యూటీ పుస్తకం పెట్టాము. సోమవారం నుంచి బుధవారం దాకా నా దగ్గర, మిగతా రోజులు ఆమె దగ్గర. "జ్వరం తగ్గింది, మందు ఇంకొక్కసారి చాలు." "లెక్కల్లో పన్నెండు వచ్చాయి. నేను తిట్టేశాను, నువ్వు మళ్ళీ మొదలుపెట్టకు." "పొద్దున్నుంచి మూతి ముడుచుకుని ఉంది. నాకు చెప్పలేదు, నువ్వు అడుగు." పదకొండేళ్ళ కాపురంలో మేము ఇంత సవ్యంగా మాట్లాడుకున్నది లేదు.

3. ఈ మధ్య బడివారు కొత్త నిబంధన పెట్టారు. ఏ రోజు ఎవరు బిడ్డను తీసుకెళ్ళాలో ముద్ర ఉన్న కాగితం చూపితేనే గేటు తీస్తారట. ఆ కాగితం కోసం తమరి కార్యాలయానికి వచ్చాము. కలిసే వచ్చాము, ఒకే బస్సులో.

4. మూడో కిటికీ దగ్గరి గుమాస్తా గారు ఫారం చూసి, "గొడవేంటి?" అని అడిగారు.

"గొడవేం లేదండీ, ఇద్దరం ఒప్పుకున్నాం" అన్నాను.

"ఒప్పుకుంటే ఇక్కడికెందుకొచ్చారు? ఎదుటివాళ్ళ మీద కనీసం మూడు ఫిర్యాదులుండాలి. ఆ గళ్ళు ఖాళీగా ఉంటే కంప్యూటరు తీసుకోదు."

"లేనివి ఎక్కణ్ణుంచి తెచ్చేదండీ?" అంది నా భార్య.

"పదకొండేళ్ళు కాపురం చేశారు, మూడు దొరకవా? ఏదో ఒకటి రాసి పడేయండమ్మా. ఎవరూ చదవరు."

5. వరండాలో బల్ల మీద కూర్చుని ఒకే పెన్నుతో రాశాము. నా గురక, మంచం మీద పడేసే తడి తువ్వాలు అని ఆమె రాసింది. తాళాలు పోగొడుతుందని, చివరి మాట తనదే కావాలంటుందని నేను రాశాను. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. మూడోదానికి వచ్చేసరికి ఆమె నవ్వు ఆగిపోయింది. కాగితం అటు తిప్పుకుని గబగబా రాసింది. "పాపకు నాలుగేళ్ళప్పుడు పంపుహౌస్‌కి తీసుకెళ్ళి డ్యూటీలో నిద్రపోయాడు. పాప నీళ్ళ ట్యాంకు గట్టు మీద దొరికింది. ఈ సంగతి నాకు ఇంతవరకూ చెప్పలేదు."

అది చదవగానే నాకు ఒళ్ళు మండింది. బిడ్డకు న్యుమోనియా వచ్చిన వారంలో కూడా డ్యూటీ మానలేదని, ఈమెకు బిడ్డకన్నా వార్డే ఎక్కువని నా మూడోది రాసి పడేశాను. గుమాస్తా గారు రెండూ చూసి, "ఆఁ, ఇప్పుడు కుదిరింది" అని ముద్ర కొట్టారు.

6. ఎవరూ చదవరన్నది చదివారు. పదకొండు రోజుల క్రితం నోటీసు వచ్చింది. "ప్రమాదకరమైన నిర్లక్ష్యం"పై విచారణ ముగిసేవరకు బిడ్డను తండ్రి వద్ద ఉంచరాదట. విచారణ తేదీ తర్వాత తెలియజేయబడునట. ఆ పూటే నా భార్య ఫోను చేసింది.

"నిన్ను ఇరికించాలని రాయలేదు. ఎవరూ చదవరన్నాడుగా."

"మరెందుకు రాశావ్?"

"ఎవరూ చదవరన్నాడనే రాశాను."

అప్పటి నుంచి పిచ్చుక గొంతు ఫోనులో వినడమే. నోటీసు దాని కంటపడింది. "నాన్నా, నీకు నన్ను చూసుకోవడం రాదా?" అని నిన్న అడిగింది. డ్యూటీకి టైమయిందమ్మా అని పెట్టేశాను. అయ్యా, నిన్న నాకు సెలవు.

7. కావున, సదరు ఫిర్యాదులు గుమాస్తా గారి ప్రోద్బలంతో, నిజానిజాలతో సంబంధం లేకుండా రాసినవి గనుక, ఆరింటినీ తిరిగి ఇప్పించి, ఇందుతో జతపరచిన ఏర్పాటుపై ముద్ర వేయించవలసిందిగా ప్రార్థన. ఫారంలోని ఆ మూడు గళ్ళు ఎత్తివేస్తే నా వంటివారు ఇంకొందరు బతికిపోతారు. ఏర్పాటు కాగితం మీద నా భార్య సంతకం కూడా ఉన్నది.

వచ్చే సోమవారం నా వంతు గనుక, ఆలోగానే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రెండో షిఫ్టు ఆపరేటరు,
పిచ్చుక తండ్రి

మరొక మనవి: పైదంతా మీ గేటు బయట అర్జీలు టైపు చేసే పెద్దాయన కొట్టారు. "మీ ఆవిడ రాసిన మూడోది శుద్ధ అబద్ధమని ఒక్క ముక్క కలుపు బాబూ, విచారణే ఉండదు, రేపే పిల్ల నీ ఇంట్లో ఉంటుంది" అన్నారు. నా భార్యకు ఫోను చేశాను. "అలాగే రాయి, నేనూ సంతకం పెడతాను" అంది. ఆయన మిషను ముందు చాలాసేపు నిలబడ్డాను. నా వల్ల కాలేదు. అందుకే ఇది నా చేత్తో రాస్తున్నాను.

నిద్రపోయాను. మధ్యాహ్నం, కుర్చీలోనే. ఎంతసేపో తెలియదు. కళ్ళు తెరిచేసరికి పంపులు బాగుచేసే మా ఫిట్టరు పాపను ఎత్తుకుని నా ఎదుట నిలబడి ఉన్నాడు. ట్యాంకు గట్టు మీద కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చుందట. మా ఆవిడకు చెప్పకని వాడి చేతులు పట్టుకున్నాను. ఐదేళ్ళు దాచాను. ఆమెకు ఎప్పుడు తెలిసిందో, తెలిసి కూడా ఎలా ఊరుకుందో అడిగే ధైర్యం నాకింకా రాలేదు.

కాబట్టి ఆ ఒక్కటి మీ దగ్గరే ఉంచి మిగతా ఐదూ ఇచ్చేయండి. ఆమె మీద నేను రాసిన మూడోదాన్ని ముందు చించేయండి. న్యుమోనియా వారంలో నేనూ ఒక్క పూట సెలవు పెట్టలేదు.

విచారణకు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తాను. పిచ్చుకకు ఈ సాయంత్రం ఫోనులో అంతా నేనే చెబుతాను. అది విన్నాక కూడా నా దగ్గరకు వస్తానంటే, అయ్యా, దయచేసి అడ్డు చెప్పకండి.