ఇమ్జాద్‌కి గుర్రపు వెంట్రుకలు

తమన్‌రాసెత్, బుధవారం

అమ్మకి సలాం. నేను కులాసా.

నా గిటారుని కరెంటు డబ్బా అన్నావుగా? పాతకాలం గిటార్లలా లోపల బోలుగా చేశారు దీన్ని, కరెంటు లేకపోయినా ఉత్త చెక్కతోనూ పలుకుతుంది. మొన్న పెళ్ళిలో కరెంటు పోయి స్పీకరు మూగబోతే, నువ్వు వాయించే పాటే అందుకున్నాను. ఒక ముసలమ్మ దగ్గరికి జరిగి, "ఓరి నీ దుంపతెగ! ఇది మన ఆడవాళ్ళు ఇమ్జాద్ మీద వాయించేది కదరా! మధ్యలో ఆపేశావేం?" అంది.

మేకలు ఈనాయా? టీ పొడి చేరిందా? లారీ ఖమదీన్ చేత నీ ఇమ్జాద్ ఒంటి తీగకీ కమానుకీ గుర్రపు వెంట్రుకలు పంపుతున్నాను. నాన్న పోయి రెండేళ్ళయింది, ఇక దాన్ని గోడ మీంచి దించు. అత్తకి సలాం చెప్పు. వచ్చే నెల వస్తాను, ఆ మిగతా పాట వినిపించు. చిన్నప్పుడు నీ ఒళ్ళో, అక్కడికొచ్చేసరికే నాకు నిద్ర పట్టేసేదమ్మా.

నీ అఘాలీ