నీళ్ల ప్లాంటు గురించి మేం చెప్పిన రిపోర్టు

వదినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వున్నప్పుడు, కంపెనీ మన ఊళ్లో కట్టించిన నీళ్ల ప్లాంటు ఆగిపోయినా, బాగా నడుస్తోందని కంపెనీవాళ్లే రిపోర్టు రాసుకొచ్చి మన సంతకాలు అడిగారు. నువ్వొక్కదానివే పెట్టనన్నావు.

పోయిన నెల కంపెనీ కొత్త మేడం వరంగల్ నుంచి వచ్చింది. "ప్లాంటు ఎట్లుందో మీరే చెప్పుండ్రి" అని ఆడవాళ్లనే అడిగింది.

నేను లేచాను. "రెండేండ్ల సంది సుక్క నీళ్లు రాలే మేడం. ఫొటోలు దిగి పోయిండ్రు గని, ఒక్కలన్న మమ్ముల అడిగిండ్రా?" అన్నాను.

ఆమె ప్రతి మాటా రాసుకుంది. వారంలో మోటారు మార్చారు. ఇవాళ పొద్దున కూడా అందరం బిందెలు నింపుకున్నాం.

రఘునాథపల్లిలో కంపెనీవాళ్లు కట్టించిన బడి గదులు ఎలా ఉన్నాయో చూసి చెప్పమని ఇప్పుడు మమ్మల్నే అడిగారు. రేపు పదిమంది ఆడవాళ్లం బస్సెక్కుతున్నాం.

నీ ఆడబిడ్డ,
రమ