ఖాళీ వేదిక మీద మాట

గువాహటి,
బుధవారం

జూరీ తల్లీ,

సన్మాన సంచిక కోసం నువ్వు రాసిన వ్యాసం చదివాను. కామాలు తప్ప అన్నీ నన్ను పొగిడాయి. ఒక్కటి దిద్దుకో. "‘ఇసుక మేట’ మూడో అంకంలో వేదికను కావాలనే ఖాళీగా వదిలిన సాహసి మా ఆయిత" అని రాశావు. మీ నాయనమ్మ సాహసి కాదు. ఆ రోజు దారి తప్పింది.

మా సంచార నాటకాలకి రెండు వేదికలు పక్కపక్కనే ఉంటాయి కదా. ఒకదాని మీద దీపాలు ఆరగానే రెండోదాని మీద వెలగాలి. ఈలోగా వెనక చీకట్లో పరుగెత్తేది మేము. నల్బారీలో ఆ సాయంత్రం నేను పైన కప్పుకునే చాదర్ మార్చుకుని, ఏడవడానికి గొంతు సవరించుకుని, దిగిన వేదికే మళ్లీ ఎక్కాను. వెలుతురు పక్క వేదిక మీద పడింది. వరదకి కొట్టుకుపోయిన ఇల్లు ఉంది, ఏడవాల్సిన తల్లి లేదు. రెండు వేలమంది చూస్తున్నారు. చీకట్లో నేను ఇవతలి వేదిక మీదే ఉండిపోయాను.

మాకు మాటలు అందించే ఖగేన్ వెలిగిన వేదిక తెర వెనక నాటకం ప్రతి పట్టుకుని కూర్చున్నాడు. ప్రతిలో లేని మాట అన్నాడు, మైకుకి వినపడేలా, మెల్లగా: "ఇంట్లో ఎవరూ లేరు. నది వచ్చి పిలుచుకుపోయింది."

ముందు వరసలో ఒక ముసలావిడ ఏడుపు అందుకుంది. ఆ తర్వాత పందిరంతా.

ఆట అయ్యాక మా యజమాని వచ్చి, "తరులతా, ఖాళీ వేదిక! ఎలా తోచిందమ్మా నీకు?" అన్నాడు. దారి తప్పానని చెప్పడానికి నోరు తెరిచాను. "నది ఒడ్డున కూర్చుంటే తోచింది" అని వచ్చింది. ఖగేన్ పక్కనే ఉన్నాడు. ప్రతి మూసి, దానికి దారం చుట్టాడు.

మర్నాటి నుంచీ ఆ వేదికను ఖాళీగానే ఉంచాం. నాటకం పుస్తకంగా వచ్చింది, ఆ మాటతో సహా. నాకు బహుమతీ వచ్చింది. ఖగేన్ పుస్తకం కొనుక్కుని ఇంటికొచ్చాడు. మొదటి పేజీ చూశాడు. చివరి పేజీ చూశాడు. ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు.

"అచ్చు బాగా పడింది, బాయిదేవ్" అన్నాడు, ఎప్పటిలా అక్కని పిలిచినట్టే.

"టీ తాగి వెళ్లు" అన్నాను.

టీ ఇచ్చాను. వక్కా ఆకూ ఇవ్వలేదు. అవి ఇవ్వాలంటే ఎదురుగా నిలబడి రెండు చేతులతో ఇవ్వాలి, మొహం చూడాలి. గడప తొక్కిన వాణ్ణి వక్క పెట్టకుండా పంపిన ఇల్లు మా వంశంలో అదొక్కటే.

నలభై ఆరేళ్లు మోశాను. ఇంకా మోసేదాన్నే, సిగ్గు కూడా కీళ్లనొప్పుల్లా అలవాటైపోతుంది. కానీ పోయినవారం బర్పేట వెళ్లి ఖగేన్‌ని అడిగానని, "అవునమ్మా, అంతా బాయిదేవ్ ఆలోచనే" అన్నాడని రాశావు. ఆ వాక్యం దగ్గర కళ్లజోడు తీసేశాను. చూడు, ఇప్పటికీ తెర వెనక కూర్చుని నాకు మాట అందిస్తున్నాడు. నేను ఇప్పటికీ తప్పు వేదిక మీదే నిలబడి ఉన్నాను.

ఆ పేరా కొట్టేసి, నేను పైన రాసింది వెయ్యి. కొత్త ముద్రణలో ఆ మాట పక్కన అతని పేరు ఉండాలని ప్రచురణకర్తకి నేనే రాస్తాను. సభలోనూ చెబుతాను. కానీ సభలో చెప్పడం నాకు తేలిక, నటిని కదా. చప్పట్లు కూడా కొడతారు. అందుకే ముందు అతని ముంగిట్లో చెప్పాలి, చూసేవాళ్లు లేనిచోట.

ఆదివారం ఉదయం బస్సుకి నన్ను బర్పేట తీసుకెళ్లు. అద్దాల బీరువాలో ఆ నాటకానికి బహుమతిగా ఇచ్చిన కంచు శరాయి ఉంది, ఆ పీఠమున్న పళ్లెం. నిమ్మచెక్కా బూడిదా పెట్టి తోము. దాని మీద పెట్టడానికి గమోసా తువ్వాలు దుకాణంలో కొనకు, మీ పిన్ని మగ్గం మీద నేసింది అడిగి తీసుకో. మోకాళ్ల మీద వంగేది నేను, లేపాల్సింది నువ్వు, కాబట్టి దగ్గరే నిలబడు. పచ్చి వక్కలు లేతవి చూసి తీసుకురా. ఖగేన్‌కి పళ్లు లేవని నువ్వే రాశావు. వక్క దంచే చిన్న రోలు మర్చిపోకు.

నీ ఆయిత,
తరులత