శాంతి కలిగించే మాత్ర

తమ్ముడూ, మీ అక్క నిక్షేపంలా ఉంది. కొత్త మందు ప్రయోగానికి ఒప్పుకున్నానని నువ్వు కంగారు పడకు. ఇక్కడ నన్ను చూసి వాళ్లే కంగారు పడుతున్నారు.

మోకాళ్ల నొప్పులకు కొత్త మాత్ర కనిపెట్టారు. అది ఇచ్చే ముందు మా వార్డులో పన్నెండు మందికీ ఒప్పుకోలు కాగితాలు పంచారు. మిగతావాళ్లంతా సంతకాలు గీకేశారు. ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని, నేను చదవకుండా పెడతానా? "మాత్ర పడకపోతే కొందరికి శాంతి కలగవచ్చు" అని ఉంది.

"బాబూ, ఇది వాంతి అయ్యుంటుంది. ఆత్మకు శాంతే అయితే మేం ఇంటికి వెళ్లేదెలా?" అన్నాను. కుర్ర డాక్టరు పడీపడీ నవ్వాడు.

"మరి ఇక్కడేమో రోజుకు మూడు మాత్రలన్నారు, వెనక పేజీలో మూడు రోజులకు ఒకటన్నారు. ఏది నిజం?"

అతని నవ్వు ఆగిపోయింది. నర్సు చేతిలోని మాత్రల ట్రే లాక్కుని పరుగెత్తాడు. మూడు రోజులకు ఒకటేనట!

కాగితాలన్నీ మళ్లీ అచ్చువేశారు. ఇప్పుడు నేను చదివి సరే అంటే తప్ప వార్డులో ఎవరూ సంతకం పెట్టడం లేదు. నిన్న నేనూ పెట్టి మొదటి మాత్ర వేసుకున్నాను. వాంతీ లేదు, శాంతీ లేదు.

బీరువాలో ఉన్న నా పాత కళ్లద్దాలు, రెండు ఎర్ర పెన్నులు పంపు. వంటింటి కుళాయి బాగు చేయించావా? పిల్లలకు ముద్దులు, మరదలికి ఆశీస్సులు. నా చాదస్తానికి పెద్ద డాక్టరు స్వయంగా వచ్చి దండం పెట్టాడని ఆమెకు మరవకుండా చెప్పు.

మీ అక్క