అయ్యగారు బల్ల దగ్గర ఆపిన ఆదివారం

చిట్టితల్లీ, ప్రభువు దయవల్ల నేనూ మీ బాబాయీ బతికే ఉన్నాం. హడావిడిగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

మొన్న ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోబోతుంటే పాస్టరు అయ్యగారు నన్ను ఆపి, "తమ్ముడితో సమాధానపడకుండా ప్రభువు బల్ల దగ్గరికి రావద్దు పెద్దాయనా, ఇప్పుడే వెళ్లండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "ఆ బల్ల చేసిందే నేనండీ!" అన్నాను. "చేసింది మీరే, పిలిచేవాడు వేరే" అన్నారు.

అక్కణ్నించే బాబాయి వడ్రంగి షెడ్డుకు వెళ్లాను. తలుపు తోసి చూద్దును కదా, గోడకు ఆనించిన టేకు చెక్కలు మీదపడి, వాటి కింద మూలుగుతున్నాడు. ఒక్కొక్కటీ లాగేశాను. "ఏడేళ్లకు గుర్తొచ్చానా అన్నా?" అన్నాడు. ఊపిరాడకపోయినా వెటకారం పోలేదు! ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పాడు. నా సంతోషం ఈ కార్డులో పట్టదు తల్లీ.

అల్లుడి పాత చొక్కాలు వదులువి రెండు పంపు, పక్కటెముకల కట్టు మీద వేసుకుంటాడు. మనవరాలి దగ్గు తగ్గిందా? బాబాయితో మాట్లాడవద్దని నిన్ను కూడా కట్టడి చేసిన తప్పు నాదే. ఆ మాట వెనక్కి తీసుకున్నాను. వాడికి నువ్వే విడిగా ఒక కార్డు రాయి. నీ ఇంటిల్లిపాదికీ దీవెనలు.

మీ నాన్న