బడ్డీ అని పిలవమన్నారు

గురువారం, రాత్రి

నిన్న ఫోన్‌లో ‘బడ్డీ’ అనే మాట నేర్చుకున్నాను. దగ్గరి స్నేహితుణ్ణి చనువుగా పిలిచే మాటట, పెద్దవాళ్లతో అనకూడదట. మా ఆయనకి చెబితే, “అయితే నన్నలా పిలువు!” అని నవ్వారు. నాకు నోరు రాలేదు.

ఈరోజు కల్లంలో మిర్చి ఆరబోసి ఉండగా వాన మొదలైంది. ఆయన అవతలి చివర ఉన్నారు. మంచం మీద మామయ్యగారు, ఊరి పెద్దలు కబుర్లలో ఉన్నారు. వాళ్ల ముందు మొగుణ్ణి కేకేయలేక ఒక్కదాన్నే కాయల మీదికి టార్పాలిన్ పట్టా లాగాను. సగం కాయ తడిసింది.

“ఒక్క కేకేస్తే పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదే! తడిసి తెల్లబడితే ఆ కాయ ఎవడు కొంటాడు?” అన్నారాయన.

అన్నం పెడుతూ మెల్లగా, “పెరుగు వేయనా, బడ్డీ?” అన్నాను.

నవ్వేశారు. “రేపు మబ్బేస్తే కల్లంలో ఇలాగే కేకెయ్యి.”

అది నావల్ల కాదు. మామయ్యగారున్నా సరే, ‘ఏమండీ’ అనైనా అరవాలి...