లావణ్య ఎడమ చెయ్యి

గురువారం, దిల్‌సుఖ్‌నగర్

నా కిక్‌బాక్సింగ్ క్లాసులో లావణ్యకు ఎడమ చెయ్యి జారిపోతుండేది. "దెబ్బ వస్తుంటే పిడికిళ్లు చెంపల దగ్గరే ఉండాలి" అని రోజూ అరిచేవాణ్ణి.

ఈరోజు ఎల్బీనగర్‌లో లావణ్య వెళ్లిన ప్రత్యేక తెలంగాణ ర్యాలీ మీద లాఠీచార్జి జరిగింది. అందరూ పరుగెత్తారట. ఈ పిల్ల మాత్రం అలవాటుగా నిలబడి, పిడికిళ్లు బిగించి చెంపలకు చేర్చింది. తల కాచుకుందామనే. కానిస్టేబుల్‌కు అది కొట్లాటకు దిగినట్టు కనిపించింది. "నా మీదికే చెయ్యి లేపుతవా?" అంటూ ఇంకా గట్టిగా కొట్టాడట.

రోడ్డు మీద పిడికిలి బిగించొద్దని నేనెప్పుడూ చెప్పలేదు. నాకే తట్టలేదు.

దవాఖానాలో వాళ్లమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది. లావణ్య మాత్రం కట్టు కట్టిన మణికట్టు చూపించి నవ్వింది.

"సార్, ఈసారి ఎడమ చెయ్యి దించలే."

శభాష్ అనే మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ చేతిని మెల్లగా దించి దిండు మీద పెట్టాను.